చిక్కం

కాశీబుగ్గలో రైలు గేటు పడినప్పుడల్లా
నా కొట్టు ముందు బళ్ళు ఆగుతాయి,
నా బేరాలూ అప్పుడే.
ఆ వేళ గేటు పడలేదు.
అయినా దాలమ్మ ఆగింది.

జీడిపిక్కల బట్టీ నుంచి నేరుగా వచ్చినట్టుంది,
చీర నిండా కాలిన నూనె వాసన.
కొంగుముడి విప్పి ఫోను తీసింది.

"మా తమ్ముడు మస్కట్లో కొన్నాడు బావూ.
మన సిమ్మేస్తే ఒద్దంతంది.
డబ్బులిచ్చి కొన్నాక కూడా ఒద్దంతాదేటి?"

పెట్టి చూశాను.
మూసిన చెక్‌పోస్టులా తెర మీద ఒకటే మాట:
ఈ కార్డు చెల్లదు.

ఎలా చెప్పాలి?
"అప్పా, సంతలో కోడెని కొన్నావనుకో.
పలుపు నీ చేతికిచ్చారు,
మూతికున్న చిక్కం మాత్రం విప్పలేదు.
అమ్మినోడి కళ్ళంలో తప్ప
ఇంకెక్కడా అది గడ్డి ముట్టదు."

దాలమ్మ నవ్వలేదు.
"చిక్కం ఇప్పడానికి ఎంతవుతాది?"

స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ నొక్కాను.
ఇంటిపేరూ గోత్రమూ చెప్పుకున్నట్టు
ఫోను తన పదిహేనంకెలూ బయటపెట్టింది.
రసీదు అడిగాను.
బరంపురంలో నాకు పని నేర్పిన మేస్త్రి
సోల్డరు పొగలోంచి అనేవాడు:
తెరవడం దొంగకీ వచ్చురా ఢిల్లేసూ,
అడిగి తెరిచేవాడిదే విద్య.
మడతల్లో చిరిగి, చెమటకి అక్షరాలు చెదిరి,
రసీదుంది. తమ్ముడి పేరుంది, కూర్మారావని,
సగం అరబ్బీలో.

కోడు రావడానికి మూడు రోజులు పట్టింది.
బేరం లేనప్పుడు సొరుగులోంచి తీసి చూసేవాణ్ణి.
అందరికీ తెరిచిన వేదిక,
ఎవరైనా ఏదైనా వేసుకోవచ్చు,
అని కదా కంపెనీవాళ్ళు చెప్పుకునేది.
నాకు జీడిపండు గుర్తొచ్చేది.
నేనెరిగిన ఏ పండూ గింజని
అలా బయటికి వేలాడేసుకోదు,
దాచిందేమీ లేదు, చూసిపొమ్మన్నట్టు.
కొట్టి చూడు మరి.
పెచ్చు లోపల జీడి,
ముట్టిన వేలు ముట్టినట్టే కాలుతుంది.

నాలుగోనాడు ఆమె ఎదటే
పదహారంకెలూ ఒక్కొక్కటే కొట్టాను.
తెర మూల ఒక గీత లేచింది,
రెండు, ఆగి, నాలుగు.
"ఇప్పుడు ఏ సిమ్మయినా?"
"ఏదైనా."
"ఆళ్ళకి కోపం రాదేటి?"

తర్వాత ఫోను వేలిముద్ర అడిగింది.
బొటనవేలు పెట్టింది. కాదంది.
చూపుడువేలు. కాదంది.
పదివేళ్ళూ వరసగా పెట్టి చూసింది,
పదీ నల్లగా, నున్నగా,
పదిహేడేళ్ళ పిక్కలు గీతలన్నీ తినేశాయి.
"రేషను మిషనూ ఇంతే బావూ.
నన్ను నాను కానంతది."

"పోనీ, తాళం లేకుండా వదిలేద్దామా?"

అప్పుడు పెరిగింది ఆమె గొంతు.
"సాయంత్రం గేటు కాడ
కొంగు దులిపి సూపించాల,
జడ ఇప్పి సూపించాల.
దీన్నయినా నాను ఎవుల్నీ సూడనీను.
ఆళ్ళ తాళం తీసినావు గదా,
ఇప్పుడు నా తాళం ఎయ్యి."

తెర మీద తొమ్మిది చుక్కలు పరిచి ఇచ్చాను.
చుక్కలతో ఏం చెయ్యాలో
ఆమెకి ఒకరు చెప్పాలా?
చెయ్యి ఎత్తకుండా కలపాలని నేననేలోపే
కాలిన వేలు కదిలిపోయింది.

ఏం గీసిందో నాకు తెలీదు.
గేటు పడింది.
నేను అటు తిరిగి
బళ్ళు లెక్కపెడుతున్నాను.